‘సంచి’ అను మాట

మా దొనకొండ వైపుననే గాక, తెలుగునాట పలుచోట్ల గర్భాశయమును ‘గర్భసంచి’ యందురు. మాట అందరికిని బోధపడునదే. కాని అందులో ఒక లోపము గలదు. సంచి యనగా, ఖాళీ యైన పిమ్మట పారవేయదగినదను భావము కలుగును. “పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యెందుకు?” అను తర్కమునకు ఈ మాటయే ఊతమగుచున్నది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. క్యాన్సరు వచ్చినప్పుడును, మందులకు లొంగని రక్తస్రావమున్నప్పుడును ఈ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. అందరికిని అది అవసరమా యన్నదే ప్రశ్న.

‘సంచి తీసిరి’ అన్నచో ఏమి తీసిరో తెలియదు. గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయంతేసి అండాశయములు రెండు గలవు. ఈస్ట్రోజెన్‌ను ముఖ్యముగా తయారుచేయునవి అవియే. గర్భాశయమును మాత్రమే తీసిన, బహిష్టులు ఆగును గాని అండాశయములు పనిచేయుచునే యుండును. ఆ రెండింటిని గూడ తీసినచో, సాధారణముగా 45-55 ఏండ్ల నడుమ రావలసిన ముట్లుడుగు దశ ముప్పదవ యేటనైనను ఒక్కసారిగా వచ్చిపడును. ఒంట ఆవిర్లు పుట్టును. ఎముకలు త్వరగా గుల్లబారును. గుండెజబ్బు భయము హెచ్చును.

కనుక ఉపాధ్యాయులు పటము గీయునపుడు గర్భాశయమును, అండాశయములను వేరువేరు రంగులతో చూపుట మేలు. ఆ పాఠము విన్న బాలిక రేపు తల్లి పక్షమున వైద్యుని ఇట్లు అడుగగలదు: “ఏది తీయుచున్నారు? ఏది ఉంచుచున్నారు? మందుతో నయము కాదా?”