గుమ్మం దగ్గరే ఆగిపోయిన చట్టం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. 2018లో అమల్లోకొచ్చింది. రోగిని హక్కులున్న మనిషిగా నిలబెట్టింది. గొలుసులతో కట్టెయ్యడాన్ని, మత్తివ్వకుండా కరెంటు షాకులివ్వడాన్ని నిషేధించింది. ఇది మేలే. మేం కాదనం.

దీని 18వ సెక్షన్ వైద్యంలో కులవివక్ష కూడదంటుంది. దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్లకి ఉచిత వైద్యం హక్కంటుంది. మా ప్రశ్న వేరు. ఆస్పత్రి గుమ్మం దగ్గర కులం చూడొద్దంటున్న చట్టం, మనిషిని ఆ గుమ్మం దాకా ఈడ్చుకొచ్చిన కులాన్ని చూస్తోందా?

115వ సెక్షన్నే తీసుకుందాం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, సర్కారే వైద్యమూ పునరావాసమూ కల్పించాలి. బాగుంది. మరి ఆ ఒత్తిడి పెట్టిందెవరు? సెక్షన్ అడగదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు విద్యార్థులు గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. జబ్బేమిటో ఆ గుడారం పేరే చెప్పింది. వెలి మందుబిళ్లతో పోదు.

మా బాధలన్నీ రోగాలని మేం అనడం లేదు. స్కిజోఫ్రీనియా వస్తే దళితుడికీ మందే కావాలి. ఆ మందైనా అందుతోందా? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. 2022లో టెలి మానస్ పెట్టి 14416 నెంబరిచ్చారు. ఫోన్లో ఓ గొంతు వినబడటం చిన్న విషయమేం కాదు. కానీ కూలి పోగొట్టుకుని జిల్లా ఆస్పత్రికి పోవాల్సిన మనిషికి ఆ గొంతు బస్సుఛార్జీ ఇవ్వదు.

హక్కులకు కాపలాగా పెట్టిన సమీక్షా బోర్డుల్లో ఎవరుండాలో చట్టం చెప్పింది: జడ్జి, కలెక్టర్ ప్రతినిధి, ఇద్దరు డాక్టర్లు, రోగుల తరఫునో సంస్థల తరఫునో మరో ఇద్దరు. దళితులు ఉండి తీరాలన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

మేం అడిగేది దయ కాదు. బోర్డుల్లో మావాళ్లుండాలి. డాక్టర్ల చదువులో కులం పాఠం కావాలి. వెలివేతను వెలివేత అనే కేసుషీట్లో రాయాలి. రాయని గాయానికి వైద్యమూ లేదు, న్యాయమూ లేదు.