అతిథికి ఓ పని చెప్పండి

మన వైపు ఇంటికొచ్చినవాళ్లకు పని చెప్పడం తప్పు. వంటింటి గడప దగ్గరికొస్తే చాలు, "మీరు కూర్చోండమ్మా, మేం చూసుకుంటాంగా" అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ నెలల తరబడి మనతోనే ఉండే మనిషిని రోజూ అలాగే కూర్చోబెడితే, ఆ ప్రేమే వాళ్లను పరాయివాళ్లను చేస్తుంది. గుంటూరు బ్రాడీపేటలోని మా వంటిల్లు నాకీ సంగతి నేర్పింది.

జర్మనీ ప్రభుత్వం 2008లో వెల్ట్‌వేర్ట్స్ అనే పథకం మొదలుపెట్టింది. 18 నుంచి 28 ఏళ్ల వయసువాళ్లు దాని కింద మన దేశానికీ వచ్చి స్వచ్ఛందంగా సేవ చేస్తుంటారు. అలా వచ్చిన ఒకమ్మాయి మా ఇంట్లో ఉంది. పగలు బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. సాయంత్రం మేం పెట్టింది తిని, థాంక్స్ చెప్పి, గదిలోకి వెళ్లిపోయేది. డిసెంబరు వచ్చేసరికి పిల్ల మొహం చిన్నబోయింది. క్రిస్మస్ ముందు వాళ్లింట్లో అందరూ కూర్చుని బిస్కెట్లు చేసుకుంటారట. "అదెంత పని, మనమూ చేద్దాం పద" అన్నారు మా అత్తయ్య.

మాకు అవెన్ లేదు. పాత కుక్కర్‌లో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నటి సెగ మీద వేడెక్కించాం. ఆ అమ్మాయి చేసింది వనిల్లె కిప్ఫెర్ల్, నెలవంకల్లాంటి బిస్కెట్లు. మైదా, వెన్న, పంచదార, బాదంపొడి కలిపి చేస్తారు. బాదం బదులు మేం వేటపాలెం జీడిపప్పు వేశాం. మిక్సీ ఆపి ఆపి తిప్పకపోతే పప్పు నూనె వదిలి ముద్దవుతుందని అత్తయ్య చెప్పారు. వెన్న మెత్తబడితే ఆకారం నిలవదు, పిండిని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలని ఆ అమ్మాయి చెప్పింది. కొసలు రంగు తిరుగుతుండగానే దించేయాలి. వేడి మీద ముట్టుకుంటే విరిగిపోతాయి, పూర్తిగా చల్లారితే పంచదార పొడి అంటదు. ఆ రెంటి మధ్య అదను చూసి దొర్లించాలి.

సంక్రాంతికి అరిసెల పాకం దగ్గరా అదను చూడటమే అసలు పని. పాకం లేతైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. నీళ్ల గిన్నెలో బొట్టు వేసి, వేళ్లతో ఉండ చేసి చూసే పని అత్తయ్య ఆ అమ్మాయికే అప్పగించారు. "మామ్మగారూ, ఇప్పుడు!" అని కేకేసింది. నేను పాకంలో తడిపిండి పోస్తుంటే అత్తయ్య ఉండ కట్టకుండా తిప్పారు. అరిసెలు ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అక్కడ ఎవరు అతిథో అడిగే తీరికా ఉండదు.

గుంటూరుకు దూరదేశాలవాళ్లు రావడం కొత్త కాదు. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842లో వచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం చేసి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె పేరిట ఆస్పత్రి నేటికీ ఉంది. వాళ్లు ఈ ఊరికి ఇచ్చిందేమిటో తరచూ చెప్పుకుంటాం. వాళ్లకు వండిపెట్టి, మాట నేర్పి, మన ఎండల్లో బతకడం నేర్పినవాళ్ల గురించి చెప్పుకోవడం తక్కువ.

సేవ చేయడానికి వచ్చిన మనిషి ఎప్పుడూ ఇచ్చేవారిగానే ఉండిపోతే మన గురించి పెద్దగా తెలుసుకోలేరు. మనం ఎప్పుడూ పెట్టేవాళ్లంగానే ఉంటే వాళ్ల గురించి మనకూ తెలియదు. పొయ్యి ముందు ఒకరికొకరు నేర్పుకున్నప్పుడు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అన్న తేడా పోతుంది. పాకం చూసిన రోజు నుంచి ఆ అమ్మాయి సాయంత్రం బడి నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకే వచ్చేది. అందుకే, మీ ఇంట్లో ఎవరైనా కొన్నాళ్లు ఉండటానికి వస్తే మర్యాదగా కుర్చీ వేయండి, కడుపునిండా పెట్టండి. మర్నాడు మాత్రం చేతికో పని ఇవ్వండి.