వీలునామా నుండి నిఘంటువు వరకు: పిఠాపురం వారసత్వం

పిఠాపురం సంస్థానపు సాహిత్యపోషణను చర్చించేటప్పుడు దాతృత్వంతోపాటు ఆ సంపద సంక్రమించిన మార్గాన్నీ పరిశీలించాలి. రాజా గంగాధర రామారావు తొలుత వెంకటగిరి వంశీయుని దత్తత చేసుకున్నారు. 1885లో సూర్యారావు జన్మించారు. 1890లో రాజా మరణించగా, ఆయన వీలునామా సంస్థానాన్ని ఆ బాలునికే చెందజేసింది. దత్తపుత్రుడు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

మితాక్షర ధర్మం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కుమారునికి జన్మతః హక్కు ఉంటుంది. తండ్రి వీలునామాతో దానిని కాదనలేడు. అవిభాజ్య సంస్థానంలో అట్టి హక్కు లేదని 1888లో సర్తాజ్ కువారి వ్యాజ్యంలో నిర్ణయించిన ప్రీవీ కౌన్సిల్, ఆ సూత్రాన్నే అనుసరించి 1899లో పిఠాపురం వీలునామాను సమర్థించింది. సామాన్య రైతు కుటుంబ యజమానికి లేని స్వేచ్ఛ జమీందారుకు లభించింది. 1904 నాటి మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం దానికి పరిమితులు విధించింది.

ఆ బాలుడే పెరిగి ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు పోషకులయ్యారు. 1936లో తొలి సంపుటం వెలువడిన 'శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు' ఆయన పేరిటిదే. వివాదాస్పద వారసత్వం వల్ల ఆ నిఘంటువు విలువ తగ్గదు. అయితే ఒక కుమారునికి భూమినిచ్చి మరొకరిని దూరంచేసిన పత్రం కూడా ఆ పోషణ చరిత్రలో భాగమే. దానిని విడిచిన ప్రశంస అసంపూర్ణం.