పెర్న్ అభిమాన ధారావాహికలు: పాఠక స్పందన

ఆన్ మెకాఫ్రీ సృష్టించిన పెర్న్ లోకం 1967లో ‘అనలాగ్’ పత్రికలో మొదలై, మరుసటి ఏడాది ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలగా స్థిరపడింది. దాన్ని ఆశ్రయించి అభిమానులు రాసుకొన్న ధారావాహికలకు వచ్చిన స్పందనను కేవలం ప్రశంసగా లెక్కించడం పొరపాటు. తన పాత్రలను వాడరాదని రచయిత్రి చాలాకాలం ఆంక్ష పెట్టారు. లెస్సా వంటి నాయిక అందుబాటులో లేనందున అభిమానులు కొత్త వెయిర్లను, కొత్త రౌతులను కల్పించుకోవలసి వచ్చింది. దాంతో పాఠకుని నిఘా పాత్రల మీదినుండి లోకనియమాల మీదికి మళ్లింది.

గుడ్లు పగిలి డ్రాగన్ పిల్లలు రౌతులను వరించే ఘట్టం ఇందుకు గీటురాయి. బంగారు, కంచు వర్ణాలు అధికార చిహ్నాలు. ఆకుపచ్చ, నీలి వర్ణాలు సంఖ్యలో అధికం, హోదాలో తక్కువ. ప్రతి కథానాయికకూ బంగారు డ్రాగనే దక్కితే పాఠకుడు అభ్యంతరపడతాడు. పైకిది అసూయలా తోచవచ్చు (కొంత అసూయ ఉండనూవచ్చు), కాని అడిగేది కథాన్యాయమే.

మరణఘట్టంలో ఈ నియమనిష్ఠ సడలుతుంది. మూలంలో రౌతు మరణిస్తే డ్రాగన్ తానూ ప్రాణం విడుస్తుంది. డ్రాగన్ మరణిస్తే మనిషి శిథిలమై మిగులుతాడు. భాగానికీ భాగానికీ నడుమ విరామం ఆ వేదనను సాగదీస్తుంది. డ్రాగన్‌ను బతికించమని వేడుకొనే పాఠకుడు, నిన్న వర్ణనియమం కోసం వాదించినవాడే.