మొగ్గ తినే పురుగు

సాల్వీనియా మొలెస్టా ఆకును భూతద్దం కింద పెట్టి చూస్తే పైభాగమంతా నూగు కనిపిస్తుంది. ఒక్కో బొడిపె మీద నాలుగు వెంట్రుకలు విడివడి, బయటికి వంగి, కొసల దగ్గర మళ్లీ కలుసుకుంటాయి. కవ్వం తల ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంటుంది ఆ కట్టు. వాటి మధ్య గాలి నిలుస్తుంది. ఆకును నీళ్లలో ముంచి పట్టుకున్నా ఆ గాలి పొర చెదరదు. వదిలితే పైకి తేలి పొడిగా నిలబడుతుంది. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్ బృందం 2010లో దీని కిటుకు బయటపెట్టింది. వెంట్రుక మొత్తం నీటిని తోసేస్తుంది, కొస మాత్రం నీటిని పట్టుకుంటుంది. కొసలు నీటి పొరను పట్టి ఉంచడం వల్లే లోపలి గాలి జారిపోదు.

ఈ నిర్మాణాన్ని ముందు మనసారా మెచ్చుకోవాలి. అప్పుడే దీన్ని అదుపులోకి తెచ్చినవాళ్ల పని ఎంత నాణ్యమైనదో తెలుస్తుంది. సాల్వీనియా నీటి మీద తేలే ఫెర్న్. దానికి పువ్వు లేదు, కాయ లేదు, అసలు వేరే లేదు. కణుపుకు మూడు ఆకులు. రెండు పైన తేలతాయి, మూడోది పీచులా చీలి నీళ్లలో వేలాడుతూ వేరు చేయాల్సిన పని చేస్తుంది. ఫెర్న్‌లు మామూలుగా సిద్ధబీజాలతో వ్యాపిస్తాయి. దీని కణాల్లో క్రోమోజోములు ఐదు వరుసలుగా ఉండటంతో ఆ సిద్ధబీజాలు మొలకెత్తవు. మరి ఎలా పెరుగుతుంది? విరిగి పెరుగుతుంది. పడవ తగిలినా, గేదె దిగినా, గాలి విసురుగా వీచినా కాడ తునుగుతుంది; మొగ్గ ఉన్న ప్రతి తునకా కొత్త మొక్క అవుతుంది. వెచ్చదనం, పోషకాలు సమృద్ధిగా ఉన్న నీళ్లలో రెండు రోజుల పైచిలుకులో రెట్టింపవుతుంది. మనిషి దాన్ని పీకడానికి దిగితే, చేతికి అందకుండా విరిగిపోయిన ముక్కలతో దాన్ని నాటినట్టే అవుతుంది.

తెప్పకట్టిన సాల్వీనియా మీటరు మందం దాకా పేరుకుంటుంది. కిందికి వెలుతురు దిగదు. నీటి అడుగున పెరిగే మొక్కలు, పైన తేలే నాచు చచ్చిపోతాయి. వాటితోపాటు అవి పగలంతా నీటికి ఇచ్చే ఆక్సిజనూ పోతుంది. కుళ్లిన ఆకులు అడుగుకు చేరి, మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ లాగేసుకుంటాయి. చేపలకు ఊపిరాడదు. పైన పచ్చగా పచ్చిక బయలులా కనిపించే చోట, కింద దాదాపు ఏమీ బతకని నీళ్లు ఉంటాయి.

ఈ మొక్క సముద్రాలు దాటింది మనుషుల చేతుల మీదుగానే. అక్వేరియంలకు, తోటల కుంటలకు అందంగా ఉంటుందని తీసుకెళ్లారు. శ్రీలంకకు 1939లో కొలంబోలోని ఒక వృక్షశాస్త్ర విభాగం ద్వారా చేరింది. అక్కడి నుంచి వరి పొలాల్లోకి, కాలువల్లోకి జారుకుంది. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కట్టిన కరీబా ఆనకట్ట వెనక కొత్తగా నీళ్లు నిండుతుంటే, 1962 నాటికి ఆ జలాశయంలో సుమారు 1,000 చదరపు కిలోమీటర్ల మేర ఇదే పరుచుకుంది. మునిగిన అడవి కుళ్లి నీటికి ఇచ్చిన పోషకాలన్నీ దీనికి దక్కాయి.

అప్పటికి అందరూ దీన్ని సాల్వీనియా ఆరిక్యులేటా అనుకున్నారు. ఆ మొక్క దక్షిణ అమెరికాది కాబట్టి, దాన్ని తినే పురుగుల కోసం 1960లలో ట్రినిడాడ్ వైపు వెళ్లారు. అక్కడ సిర్టోబాగస్ సింగులారిస్ అనే ముక్కు పురుగు, ఒక మిడత, ఒక రెక్కల పురుగు దొరికాయి. తెచ్చి వదిలారు. అవి బతికినచోట కూడా తెప్ప తెప్పలాగే ఉంది. కరీబా తెప్పల్ని అధ్యయనం చేసిన డేవిడ్ మిచెల్ 1972లో అసలు సంగతి తేల్చాడు. సిద్ధబీజ కోశాల ఆకారం, అమరిక నిదానంగా పోల్చి, ఇది వేరే జాతి అని నిర్ధారించి సాల్వీనియా మొలెస్టా అని ప్రకటించాడు. మొలకెత్తని, ఎవరూ పట్టించుకోని ఆ కోశాల్లోనే రుజువు దాగి ఉంది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ గౌరవం కలిగించే పని ఇదే. ఎకరాలకొద్దీ పేరుకున్న తెప్ప ఎదురుగా ఉన్నప్పుడు, కూర్చుని గింజంత భాగాన్ని పరీక్షించడానికి చాలా నిబ్బరం కావాలి.

జాతి వేరైతే పుట్టిల్లూ వేరే అయి ఉండాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓకు చెందిన వెండీ ఫోర్నో, కెన్ హార్లీ 1978లో ఆగ్నేయ బ్రెజిల్‌లో ఆ పుట్టింటిని కనుక్కున్నారు. అక్కడి సాల్వీనియా మీద కూడా ఒక ముక్కు పురుగు ఉంది. రెండు మిల్లీమీటర్ల పొడవు, గోధుమరంగు నుంచి నలుపుకు తిరిగే ఒళ్లు. చూడటానికి ట్రినిడాడ్ పురుగుకు కవల. అదే సింగులారిస్ అనుకున్నారు. అనుకున్నా వదిలేయకుండా, ఇది ఈ మొక్క మీదే పుట్టి పెరిగిన పురుగు కదా అని ఆస్ట్రేలియా తీసుకెళ్లి, ఇతర మొక్కల జోలికి పోదని పరీక్షల్లో నిర్ధారించుకున్నాకే బయటకు వదిలారు.

క్వీన్స్‌లాండ్‌లోని గనుల పట్నం మౌంట్ ఐసాకు నీళ్లిచ్చే మూండార్రా జలాశయం అప్పటికి సాల్వీనియాతో కప్పుకుపోయి ఉంది. కలుపు మందులు కొట్టినా లొంగలేదు. 1980లో అక్కడ ఈ పురుగుల్ని వదిలారు. మరుసటి ఏడాదికల్లా పచ్చటి తెప్ప గోధుమరంగుకు తిరిగి, బరువెక్కి, మునిగిపోయింది. పీటర్ రూమ్, హార్లీ, ఫోర్నో, డాన్ శాండ్స్ కలిసి 1981లో ‘నేచర్’ పత్రికలో ఆ ఫలితం ప్రకటించారు.

ఒకే పోలికలో ఉన్న రెండు పురుగుల్లో ఒకటి ఎందుకు ఓడింది, మరొకటి ఎందుకు గెలిచింది? మళ్లీ భూతద్దం దగ్గరికే వెళ్లారు. ట్రినిడాడ్ పురుగు ఎక్కువగా ఆకులు కొరుకుతుంది. బ్రెజిల్ పురుగు మొగ్గను వెతుక్కుంటుంది. దాని పిల్ల కాడలోకి దూరి లోపల తొలుచుకుంటూ పోతుంది. విరిగి పెరిగే మొక్కకు ఆకు పోతే లెక్కలేదు. మొగ్గ పోతే ఆ తునకకు రేపు లేదు. ఉన్న మొగ్గ పోయాక పక్క మొగ్గ లేస్తుంది, దాన్నీ తింటుంది. మొక్క బలం ఎక్కడుందో సరిగ్గా అక్కడే దీని నోరు. 1985లో కాల్డర్, శాండ్స్ ఇది కూడా కొత్త జాతేనని తేల్చి సిర్టోబాగస్ సాల్వీనియే అని వర్ణించారు. మొక్క విషయంలో ఒకసారి, పురుగు విషయంలో మరోసారి చూపు పదునెక్కాల్సి వచ్చింది. మొదటిది తేలకపోయి ఉంటే బ్రెజిల్ వెళ్లే కారణమే ఉండేది కాదు.

పపువా న్యూగినీలోని సెపిక్ నది దగ్గర ఈ పనితనానికి అసలు పరీక్ష ఎదురైంది. ఆ నది పక్కన ఊళ్లకు దారంటే నీళ్లే. చేపలకు, సాగో పిండికి, సంతకు, బడికి, వైద్యానికి దోనెలోనే వెళ్లాలి. 1980 ప్రాంతానికి ఆ వరద మైదానంలో సుమారు 250 చదరపు కిలోమీటర్ల నీటిని సాల్వీనియా మూసేసింది. దోనె కదలక జనం ఊళ్లే వదిలిపోయారు. మూండార్రాలో గెలిచిన పురుగునే తెచ్చి వదిలితే అది ఇక్కడ నిలదొక్కుకోలేదు.

రూమ్, ఆయన సహచరుడు థామస్ ఆ పురుగును తప్పుపట్టలేదు, వాతావరణాన్నీ తిట్టుకోలేదు. మొక్కలో ఏముందో కొలిచారు. అక్కడి నీళ్లలో పోషకాలు తక్కువ. అందువల్ల మొక్కలో నత్రజని తక్కువ. తిన్న తిండిలో సత్తువ లేక పురుగు పిల్లలు ఎదగడం లేదు. అప్పుడు వాళ్లు చేసిన పని చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఊళ్లు ఖాళీ చేయించిన ఆ కలుపుకు యూరియా వేశారు. చిన్న మడి కట్టి అందులో మాత్రమే వేశారు. మొక్క బలిసింది, పురుగు బలిసింది, మొగ్గలు పోవడం మొదలైంది. ఆపైన తేలింది ఇంకా అందమైన విషయం. మొగ్గలు తెగి ఎదుగుదల ఆగిన మొక్కలో నత్రజని కొత్త ఆకులకు పంచుకుపోకుండా ఉన్నచోటే చిక్కబడుతుంది. అంటే ఒకసారి దెబ్బ తగిలితే చాలు, పురుగుకు కావలసిన తిండి ఆ దెబ్బలోంచే తయారవుతుంది. యూరియా అవసరం ఆరంభానికే. ఆ తర్వాత పురుగు పట్టిన సాల్వీనియాను సంచుల్లో నింపి ఒక మడుగు నుంచి మరో మడుగుకు చేర్చారు. 1985 నాటికి 250 చదరపు కిలోమీటర్లలో మిగిలింది రెండు. ఆ ఏడాదే సీఎస్ఐఆర్ఓ సాల్వీనియా బృందానికి యునెస్కో సైన్స్ బహుమతి దక్కింది.

మన దేశంలో ఈ పురుగును బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 1980లలో వదిలారు. ఒక కలువ కొలనులో మొదట ఫలితం కనిపించింది. తర్వాత కేరళలో, ‘ఆఫ్రికన్ పాయల్’ అని జనం తిట్టుకున్న కుట్టనాడు కాలువల్లో, పడవలకు మళ్లీ దారి దొరికింది. పురుగు మొక్కను పూర్తిగా తుడిచేయదు. గట్ల వెంట కాస్త సాల్వీనియా, దాని మీద కాసిన్ని పురుగులు మిగులుతాయి. ఆ మిగులే కాపలా. చల్లటి ప్రాంతాల్లో పురుగు మందగిస్తుంది. ఆస్ట్రేలియాలోనే కకాడు మడుగుల్లో ఏటా వచ్చే వరద సమతూకాన్ని చెదరగొడుతుంది. అలాంటిచోట ఫలితం ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండదు.

తెలుగునాట చెరువుల్ని మూసేసేది ఎక్కువగా గుర్రపుడెక్క. దానికీ ముక్కు పురుగులున్నాయి. నియోకెటినా ప్రజాతివి రెండింటిని బెంగళూరు శాస్త్రవేత్తలే అదే దశకంలో తెచ్చి హెబ్బాళ చెరువులో పని చేయించి చూపించారు. అయితే నగరం పక్క చెరువుకు మురుగు వచ్చి చేరుతుంటే నత్రజని, భాస్వరం దండిగా అందుతాయి. పురుగు తిన్నదాని కంటే ఎక్కువ ఆకును గుర్రపుడెక్క మర్నాటికే మొలిపిస్తుంది. సెపిక్‌లో నత్రజని చాలక పురుగు ఓడింది, ఇక్కడ నత్రజని ఎక్కువై మొక్క గెలుస్తుంది. ఏటా యంత్రం దించి గుర్రపుడెక్క తీయించే చెరువులో, యంత్రంతోపాటు నీటిలోనూ ఆకులోనూ నత్రజని ఎంతుందో కొలిచే మనిషినీ పంపాలి. మురుగును ఎక్కడ ఆపాలో, పురుగుల్ని ఏ రుతువులో, ఏ మూల వదలాలో ఆ లెక్క చేతికి వచ్చాకే తెలుస్తుంది.