రస్సెల్ మత్స్యగ్రంథంలోని తెలుగు పేర్లు - జన్యుశాస్త్ర దృష్టి: విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు నిఘంటువుల్లో చాలా చేపల పేర్లకు ‘మత్స్యవిశేషము’, ‘ఒక విధమైన చేప’ అన్న వివరణే కనిపిస్తుంది. అది ఏ చేపో తెలియనంతవరకు ఆ ఆరోపం అసంపూర్ణమే. ఈ లోటును పూరించగల పాత ముద్రిత ఆధారాల్లో పాట్రిక్ రస్సెల్ (1727-1805) మత్స్యగ్రంథం ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి పరిశోధకుడిగా పనిచేసిన ఈ వైద్యుడు, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చాలా చేపలను స్థానిక నామాలతోనే పేర్కొన్నాడు. చేపల బంధుత్వాలను జన్యుశాస్త్రం తిరగరాస్తున్న ఈ కాలంలో ఆ పేర్లను ఎలా చదవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ధ్వనిసామ్యం - జాతిబంధుత్వం

రస్సెల్ నమోదు చేసిన పేర్లను ఫ్రెంచి శాస్త్రవేత్తలు కువియే, వలెన్సియెన్ లాటినీకరించారు. ఆ విధంగా ‘జెల్లో’ అనే పేరు 1829లో ‘స్ఫిరీనా జెల్లో’ అయింది. ‘కున్నెసీ’ 1836లో ‘కునేసియస్’ అయింది. తీరవాసుల మాట ప్రపంచ విజ్ఞానంలో స్థిరపడింది గాని, దాని తెలుగు రూపం మసకబారింది. రస్సెల్ ఇంగ్లీషు వర్ణక్రమం ల-ళ భేదాన్ని చూపదు. హ్రస్వదీర్ఘాలను నిలకడగా తెలపదు. అందువల్ల ‘జెల్లో’ను నేటి ‘జెల్ల’తో కలిపి చదవాలనిపిస్తుంది. అయితే జెల్ల మీసాల చేప, జెల్లో బారకూడా. మొదటిది బొచ్చె, శీలావతులకు దగ్గరి శాఖలోనిది. రెండవది ఆ శాఖకు చాలా దూరం.

బారకూడాను ఒకప్పుడు మల్లెట్ చేపల సరసన, తరువాత కానాగంతలు, వంజరాల సరసన చేర్చారు. ఇరవైఒక్క జన్యువుల ఆధారంగా 2013లో వెలువడిన ఎముక చేపల వంశవృక్షం దానిని పారచేపలు, నాలుక చేపలు ఉన్న సమూహంలో నిలిపింది. దేహాకృతిని మాత్రమే నమ్మిన వర్గీకరణకు ఇది హెచ్చరిక. అయినా జన్యువు చెప్పేది చేపల చుట్టరికాన్నే. పదాల చుట్టరికాన్ని తేల్చవలసింది భాషాశాస్త్రమే.

3. ఒకే పేరు, అనేక జాతులు; ఒకే జాతి, రెండు పేర్లు

రస్సెల్ ‘సొరింగ్’ను తరువాతివారు ఎర్రసముద్రం నుండి 1775లో వర్ణితమైన ‘సిల్లాగో సిహామా’గా గుర్తించారు. 1982లో దత్, సుజాత ఈ తీరం నుండే ‘సిల్లాగో సొరింగా’ అనే వేరొక జాతిని ప్రతిపాదించారు. మైటోకాండ్రియాలోని సుమారు 650 క్షారాల జన్యుఖండంతో జాతులను గుర్తించే ‘డీఎన్ఏ బార్‌కోడింగ్’ను పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. 2011లో భారత శాస్త్రవేత్తలు 115 సముద్రపు చేపజాతులకు దానిని అన్వయించారు. సిహామాగా పిలిచే చేపల్లో ప్రాంతాన్ని బట్టి గణనీయమైన జన్యుభేదాలు బయటపడ్డాయి. అప్పుడు రస్సెల్ చూసిన సొరింగ్ ఏది? బొమ్మ నుండి డీఎన్ఏ తీయలేము. విశాఖ తీరంలో జాలరి నేడు సొరింగ అని పిలిచే చేపనే పరీక్షించి, బొమ్మతో, వర్ణనతో పోల్చి చూడాలి. ఈ జన్యుఖండం తల్లి నుండే సంక్రమిస్తుంది గనుక సంకరాలను అది ఒక్కటే పట్టించలేదు. కాబట్టి బార్‌కోడే తుదితీర్పు కాదు.

దీనికి విపర్యయం పులస. సముద్రంలో ఇలస, గోదావరిలోకి ఎదురెక్కాక పులస. జాతి మాత్రం ఒక్కటే. జన్యుపరీక్ష ఒక్కటంటుందని నిఘంటువు ఈ రెండు మాటలనూ పర్యాయపదాలుగా కలిపేస్తే, వాటిలోని నీరు, ఋతువు, రుచి అనే వివేచన పోతుంది. జానపద నామం శాస్త్రీయ జాతికి నకలు కాదు. అదొక స్వతంత్ర వర్గీకరణ.

4. ముగింపు

రస్సెల్ గ్రంథం విలువ దాని పేర్లలో ఉంది. దాని పరిమితి వాటి ఉచ్చారణను సరిగా పట్టలేని లిపిలో ఉంది. ఇకపై ప్రతి పేరును తెలుగు లిపిలో, ధ్వనిముద్రణతో, ఊరు, ఋతువు, ఛాయాచిత్రం, కణజాల నమూనాలతో కలిపి నమోదు చేయాలి. పులసలాగే పేర్లు కూడా సముద్రం నుండి నదులకు ఎక్కి ఉండవచ్చు. కనుక ఈ పని విశాఖ తీరానికే పరిమితం కానక్కరలేదు. కృష్ణలో కలిసే మునేటి ఒడ్డున, పెనుగంచిప్రోలు వంటి మెట్ట ప్రాంతపు ఊళ్లలో చేపలు పట్టేవారి మాటలనూ సేకరించి తీరపు పేర్లతో పోల్చాలి. జన్యుశాస్త్రజ్ఞుడు, తెలుగు పరిశోధకుడు కలిసి పనిచేసినప్పుడే ‘మత్స్యవిశేషము’ అన్న మాటకు విశేషం సమకూరుతుంది.