స్వీయ ప్రచురణలు – యంత్రం చదవని అక్షరాలు

పుదుచ్చేరి పారిశ్రామిక ప్రాంతమైన సేదరపేట్‌లోని తెలుగు పాఠకుడు, అదే పాలన కిందనున్న యానాం కవులను గూర్చి కృత్రిమ మేధను అడిగితే, అది తాను చదవగలిగిన పాఠం నుండే సమాధానం కూర్చగలదు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న కవికి చిక్కు ఇక్కడే.

ప్రపంచ లిపుల సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం లభించినా, అనేక అచ్చుశాలల్లో కూర్పు నేటికీ అను ఫాంట్లలోనే. ఆ పి.డి.ఎఫ్.లో మనిషికి పద్యం కనిపించేచోట యంత్రానికి తరచు అర్థరహితమైన రోమన్ గుర్తులు దొరుకుతాయి. ఉన్న కవి అనామకుడవుతాడు. ఒక్కొక్కప్పుడు లేని కవి పుట్టుకొస్తాడు కూడా!

ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య ఉచితమే, కాని అది పుస్తకానికి గుర్తు మాత్రమే. యూనికోడ్‌లో నాలుగు వాక్యాల పరిచయం, కొన్ని కవితలు అంతకన్న ఉపకరిస్తాయి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త జాతీయ గ్రంథాలయానికి పంపేది అచ్చుప్రతి. దానికి తోడు యూనికోడ్ ప్రతిని కూడ స్వీకరించడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.